మూత తీయని మిఠాయి
(మన సంఘ మహిళా విభాగము శీతకాల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ వేదికపై నిలువబెట్టిన కార్యదర్శి గారి సాహసమును మొదట మెచ్చుకొనవలెను. ఇదే వేదికపై పండితులు నన్నయభట్టారకుని గూర్చియు, క్షేత్రయ్య పదములను గూర్చియు ప్రసంగించిరి. నాకు ఒప్పగించిన విషయము చాక్లెట్టు వేరుసెనగ మిఠాయి. అదియు పొయ్యి వెలిగింపక, పాకము పట్టక, విద్యుత్తుతో వేడెక్కు ఒక పింగాణి కుండలో చేయునది. నవ్వవలసినవారు ఇప్పుడే నవ్వవచ్చును. చివరకు వచ్చుసరికి నవ్వు రాని మాట ఒకటి చెప్పవలసి యున్నది.

మా వారు కేంద్ర ప్రభుత్వ కొలువులో నున్నంతకాలము మేము రామకృష్ణపురము క్వార్టర్లలో కాపురముంటిమి. ఆ వరండాలో కుంపటిమీద నేను చేయని పిండివంట లేదని నాకు కొంత గర్వము. మా అమ్మాయి కాపురము అమెరికాలోని ఓహాయో రాష్ట్రము. మనుమరాలికి రెండేండ్లు నిండిన సంవత్సరము డిసెంబరు నెలలో అక్కడికి వెళ్లితిని. మనము సంక్రాంతికి అరిసెలు పంచుకొనునట్లు, అక్కడివారు క్రిస్మసు పండుగకు ముందు ఇంట చేసిన మిఠాయిలను చిన్న రేకు డబ్బాలలో పెట్టి ఇరుగుపొరుగులకును, పిల్లల ఉపాధ్యాయినులకును ఇచ్చుకొందురు. ఎదురింట నొక పెద్దావిడ యుండెను. ఆమెయే నాకు ఈ మిఠాయి నేర్పినది.

ఆ కుండను అక్కడ స్లో కుక్కరు అందురు. లోపల పింగాణి పాత్ర, దాని చుట్టును విద్యుత్తీగలు గల లోహపు తొడుగు, పైన గాజు మూత. వేడి మెల్లగా ఎక్కును. దానిని కనిపెట్టినవాడు ఇర్వింగ్ నాక్సన్ అను ఇంజనీరు. అతని తల్లి పుట్టినిల్లు లిథువేనియా దేశపు విల్నా పట్టణము. యూదులు శనివారము విశ్రాంతి దినముగా పాటింతురు. ఆనాడు నిప్పు ముట్టింపరు. కావున శుక్రవారము ప్రొద్దు క్రుంకకముందే చిక్కుడుగింజలును మాంసమును కుండలో పెట్టి, ఊరి రొట్టెల బట్టీలో ఉంచెడివారట. రాత్రియంతయు ఆ బట్టీ వెచ్చదనమునకే అది ఉడుకును. తల్లి చెప్పిన ఆ ముచ్చట విని నాక్సన్ ఈ పరికరమును రూపొందించెను. 1940లో దానికి పేటెంటు వచ్చినది. 1970లో రైవల్ అను కంపెనీ అతని వ్యాపారమును కొని, మరుసటి యేడు క్రాక్ పాట్ అను పేరుతో దానిని బజారున పెట్టినది. ప్రొద్దున కుండలో అన్నియు వేసి కొలువునకు పోయి, సాయంకాలము వచ్చి వడ్డించుకొను వీలు గలుగుటచే ఉద్యోగము చేయు ఇల్లాండ్రకు అది మిక్కిలి నచ్చినది.

ఈ కథ విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గారి యింటి దాలిగుంట జ్ఞప్తికి వచ్చినది. పిడకల నిప్పుమీద ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు పాలు కాగి, పైన ఎఱ్ఱని మీగడ కట్టెడిది. పిల్లలమెవ్వరమైన మూత తీయబోయిన చేతిమీద దెబ్బ పడెడిది. ఆ దెబ్బను మరచిపోయియే గదా నేను ఓహాయోలో మొదటి కుండెడు మిఠాయిని పాడుచేసితిని!

మొదట కొలతలు చెప్పెదను. వేయించి పొట్టు తీసిన వేరుసెనగ గుళ్లు 900 గ్రాములు; అందులో సగము ఉప్పువి, సగము చప్పనివి. తీపి తక్కువగా నుండు నల్ల చాక్లెట్టు 350 గ్రాములు. తియ్యని చాక్లెట్టు 100 గ్రాములు. తెల్లని పూత చాక్లెట్టు 900 గ్రాములు. ఈ చివరిదానిని అక్కడ ఆల్మండ్ బార్క్ అందురు. పేరులో బాదము ఉన్నదే గాని సాధారణముగా అందులో బాదముండదు; బాదముగింజలకు పూత పూయుటకు వాడుటచే ఆ పేరు వచ్చినది. ఇన్నిటితో చెంచాడేసి ముద్దలు సుమారు 150 వచ్చును. మన యిండ్లకు సగము కొలత చాలును.

కుండలో అడుగున వేరుసెనగ గుళ్లే పరువవలెను. చాక్లెట్టు ముక్కలు వానిపైన వేయవలెను. ఈ వరుస ఊరక పెట్టినది కాదు. కుండ గోడలు క్రమముగా మరుగునీటి వేడికి దగ్గరగా వచ్చును. చాక్లెట్టు అంత వేడికి ఓర్చునది కాదు. తెల్ల చాక్లెట్టు మరియు సుకుమారము. సుమారు 50 డిగ్రీలు దాటిన అడుగంటి గరగరలాడును. అడుగున గుళ్లు పరచిన యెడల వేడి వాని సందులనుండి మెల్లగా పైకి వచ్చును. మూత క్రింద ఒక పొడి తుండుగుడ్డ బిగించి, తక్కువ వేడిమీద ఒక గంట విడిచిపెట్టవలెను. గంట తరువాత ఒక్కసారి కలియబెట్టి, మరల మూతవేసి అరగంట చూడవలెను. మొత్తము రెండు గంటలు మించరాదు. ఇందు ఓర్పు వలయును గాని మరచిపోవుట పనికిరాదు.

నేను మొదటి దినమున చేసిన ఘనకార్యము వినుడు. పాకము చూచి చూచి అలవాటైన చేయి గదా, పావుగంటకొకసారి మూత తీసి చూచుచుంటిని. మా అమ్మాయి, "అమ్మా, అది పప్పు కాదు, కెలకకు" అని వారించుచునే యున్నది. మూడవసారి కడిగిన గరిటెను తుడువకయే పెట్టితిని. మూతకు పట్టిన చెమ్మయు రెండు చుక్కలు రాలినది. క్షణములో ఆ నున్నని చాక్లెట్టు తడిసిన ఇసుకవలె ముద్దకట్టి గరిటెకు ఎదురు తిరిగెను.

చాక్లెట్టు కరిగి ద్రవమువలె కనిపించినను, అందు నీరు దాదాపు లేదు. కోకో పొడియు చక్కెర రేణువులును కోకో వెన్నలో తేలుచుండును. నీటిబొట్టు తగిలినంతనే చక్కెర దానిని పీల్చుకొని జిగటయై ఒకదానినొకటి పట్టుకొనును. అందుచేతనే గుళ్లు కూడ కరకరలాడునట్లు వేయించి, పూర్తిగా చల్లార్చిన పిమ్మటనే వేయవలెను. మన బజారులో ఉప్పునీరు చల్లి వేయించిన గుళ్లు కొన్ని లోపల మెత్తగా నుండును. వానిని మరల పొడిగా వేయింపుడు. నా ముద్దను పారవేయలేదు. వేడిపాలు పోసి మెదిపి, వేరుసెనగ పాయసమని పేరుపెట్టి మా అల్లుడు గారికి పోసితిని. పాపము, రెండవ గ్లాసు కూడ త్రాగిరి.

ఢిల్లీలో చేయదలచినవారికి ఒక హెచ్చరిక. అమెరికా కుండ 120 వోల్టులది. మన గోడలో నున్నది 230 వోల్టులు. మా మరిది గారు ఒకటి మోసికొనివచ్చి నేరుగా తగిలించిరి. పొగ వచ్చినది గాని మిఠాయి రాలేదు. కుండ లేకున్నను విచారము లేదు. ఒక గిన్నెలో నీరు మరిగించి, స్టౌ ఆర్పి, దానిపైన నీటిని తాకకుండ ఇంకొక వెడల్పు గిన్నె నుంచి అందు చాక్లెట్టు కరిగింపవచ్చును. ఆవిరి మాత్రము పై గిన్నెలో చొరకుండ చూచుకొనుడు. ఇక్కడి అంగళ్లలో కాంపౌండు చాక్లెట్టు పలకలు దొరకును. అందు కోకో వెన్నకు బదులు వేరు నూనెల క్రొవ్వుండును. రుచిలో ఒక మెట్టు తక్కువయే గాని చల్లారిన తానే గట్టిపడును. అసలైన కోకో వెన్న చాక్లెట్టు అట్లు కాదు. దానిని 45 డిగ్రీలకు పైగా కరిగించి, 28కి చల్లార్చి, మరల 31 వరకు వేడిచేసిన గాని నిగనిగలాడదు, పెళుసుగా విరుగదు. మొదటిసారి చేయువారు ఆ జోలికి పోవద్దు.

మైనపు కాగితముమీద చెంచాతో ముద్దలుగా జారవిడిచి ఆరనిండు. ఢిల్లీ చలి ఇందుకు మంచి స్నేహితుడు. జనవరిలో గంట సేపటికి గట్టిపడును. విజయవాడ ఎండలలో చేసిన చేతికంటుకొనును. ఫ్రిజ్‌లో పెట్టిన చెమ్మ పట్టి పైన తెల్లని పొడ కట్టును. గాలి చొరని డబ్బాలో చల్లని చోట ఉంచిన రెండు మూడు వారములు నిలుచును. ఇంకొక మాట. కోకోయు వేరుసెనగయు రెండును దక్షిణ అమెరికాలో పుట్టినవి. వేరుసెనగకు మన అనంతపురము పేరుపొందినది. కోకో యిప్పుడు గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో పండుచున్నది. దేశములో ఆ పంటకు ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానమున నున్నది. కావున దీనిని పరాయి మిఠాయి యని త్రోసివేయనక్కరలేదు.

ఇక ఆ నవ్వు రాని మాట.

రెండవ దినమున మిఠాయి చక్కగా కుదిరినది. పండ్రెండు డబ్బాలు కట్టితిమి. ప్రక్కయింటి డబ్బాను నేనే తీసికొనిపోయితిని. ఆరేండ్ల పిల్లవాడు తలుపు తీసెను. తల్లి లోపలినుండి వచ్చుచున్నది. మనము ఏమి చేయుదుమో మీకు తెలియును గదా. డబ్బా తెరచి, ఒక ముద్ద తీసి, ఆ పిల్లవాని అరచేతిలో పెట్టితిని. వాడు దానిని నోటికి ఎత్తుచుండగా తల్లి కేకవేసి పరుగున వచ్చి వాని మణికట్టు పట్టుకొనెను. ముద్ద నేలమీద పడెను. ఆమె ముఖమున నెత్తురు లేదు. నాతో మాటాడక వానిని తీసికొనిపోయి రెండు చేతులును సబ్బుతో కడిగెను. అటువంటప్పుడు చేతికి రాచుకొను శానిటైజరు చాలదట, సబ్బును నీరును కావలెనట. నేను గుమ్మములో డబ్బా పట్టుకొని నిలిచియుంటిని. తలుపు ప్రక్కన కొక్కెమునకు ఒక చిన్న సంచి వ్రేలాడుచుండెను. అందులో ఎపినెఫ్రిన్ అను మందు గల సూది యున్నదని ఆమె తరువాత చూపినది. వేరుసెనగ ఆ పిల్లవానికి పడదు. తిన్నయెడల గొంతు వాచి, ఊపిరాడక, నిమిషములలో ప్రాణముమీదికి వచ్చును. అప్పుడు తొడలో ఆ సూది పొడిచి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఇంటికి వచ్చి చాలసేపు మాటాడలేకపోతిని. అమ్మాయి, "నీ తప్పు కాదమ్మా, ముందే చెప్పవలసింది నేను" అనెను. కాని ఆ ముద్ద పెట్టిన చేయి నాది. ఏబది యేండ్లుగా ఎందరు పిల్లల చేతులలో ఏమేమి పెట్టితినో! ఒక్కనాడును తల్లిని అడిగి పెట్టలేదు. అడుగుట అమర్యాద యనుకొంటిమి. "మా చేతి వంట తినరా?" అని నొచ్చుకొనుట కూడ మనకు అలవాటే.

ఆ సాయంకాలము మిగిలిన డబ్బాలన్నిటికిని చీటీలు వ్రాసి అంటించితిమి: ఇందు వేరుసెనగ, పాలు, సోయా ఉన్నవి అని. అమెరికాలో అంగడి సరకులకు అట్లు వ్రాయుట 2004లో చేసిన చట్టము ప్రకారము తప్పనిసరి. 2023 జనవరినుండి నువ్వులను కూడ ఆ జాబితాలో చేర్చిరి. అచటనున్న బిడ్డలకు నువ్వుండలు, అరిసెలు పంపు తల్లులు దీనిని గుర్తుంచుకొనవలెను. మీకు పడిన నువ్వులు వారి బిడ్డల స్నేహితులకు పడకపోవచ్చును.

మరుసటి డిసెంబరున మరల వెళ్లితిని. ఆ పిల్లవాని కొరకు వేరుగా చేసెదనని వాని తల్లిని అడిగితిని. ఆమె సరే యని తానే క్రొత్త కుండయు, వేరుసెనగ తగులని చాక్లెట్టును తెచ్చి, తమ వంటింటిలోనే చేయుద మనెను. గుళ్లకు బదులు నేను మన అంగడి మరమరాలు కొనిపోయితిని. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని సంచి వెనుకనున్న సన్నని అక్షరములు చదివి, దానిని నా చేతికి తిరిగి ఇచ్చెను. వేరుసెనగలు వాడు కర్మాగారమున తయారైనదని అందు వ్రాసి యున్నది. నాకు ఈసారి నొప్పి కలుగలేదు. ఆమె బీరువాలోని డబ్బానుండి పేలిన బియ్యము తీసి వాడితిమి. పిల్లవాడు నాలుగు ముద్దలు తినెను. అయిదవదానికి తల్లి ఒప్పుకొనలేదు. అది చాక్లెట్టు ఎక్కువగునని మాత్రమే.

తలుపు ప్రక్కనున్న బల్లమీద రెండు పళ్లెములున్నవి. ఎఱ్ఱ కాగితము పరచిన దానిలో వేరుసెనగవి. తెల్ల కాగితము పరచిన దానిలో మరమరాలవి. అవి పండ్లు కదులుచున్న మా యీడువారి కొరకు చేసితిని. రెండును మా వంటింటిలో ఒకే గరిటెతో చేసినవి. కావున వేరుసెనగ పడనివారు తెల్ల పళ్లెమును కూడ ముట్టవలదు. వారికొరకు బుట్టలో కమలాపండ్లున్నవి. పళ్లెముల ముందు చీటీలు పెట్టితిని. తల్లులు ముందుగా వచ్చి చదివికొని, తరువాత పిల్లలను పిలువుడు. సెలవు.