పరిగె, కొంగు, చెప్పు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా మాట్లాడమని సంఘం వారు అడిగినప్పుడు, కొన్నేళ్లుగా నేను చదువుకుంటున్న హీబ్రూ భాష గురించి చెబుతానన్నాను. ఈ సభలో బైబిలు రోజూ చదివేవారున్నారు, ఎన్నడూ తెరవనివారూ ఉన్నారు. అందుకని అందరికీ అందే ఒక చిన్న కథ ఎంచుకున్నాను. పాత నిబంధనలోని రూతు గ్రంథం. మొత్తం 4 అధ్యాయాలే.

బేత్లెహేములో కరవు వచ్చింది. బేత్లెహేము అంటే హీబ్రూలో 'రొట్టెల ఇల్లు'. అన్నం పెట్టే ఊళ్లోనే అన్నం కరవైందన్నమాట. నయోమి కుటుంబం మోయాబు దేశానికి వలసపోయింది. అక్కడ భర్త, ఇద్దరు కొడుకులు చనిపోయారు. ఆమె తిరిగి వస్తుంటే వెంట వచ్చింది కోడలు రూతు ఒక్కతే. ఆ పిల్ల మోయాబు మనిషి, ఈ ఊరికి పరాయిది. ఇద్దరూ భర్తల్ని పోగొట్టుకున్నవారే. వాళ్లు ఊరు చేరేసరికి యవల కోత మొదలైంది.

ఇక మొదటి మాట, 'లెకెట్'. తెలుగు బైబిలు దీన్ని 'పరిగె' అంది. ఇంతకంటే సరైన మాట దొరకదు. పల్లెల్లో పెరిగిన మనకు పరిగె తెలుసు, కోత కోసేవాళ్ల చేతుల్లోంచి జారిన వెన్నులు ఏరుకోవడం. మన వైపు అది ఆనవాయితీ. ఇశ్రాయేలీయులకు అది ధర్మశాస్త్రం. లేవీయకాండం 19వ అధ్యాయం ప్రకారం పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన వెన్నులు ఆసామి ఏరుకోకూడదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ప్రకారం పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. అదంతా పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, భర్తలేని స్త్రీకి చెందుతుంది.

పొలం ఓరను హీబ్రూలో 'పేఆ' అంటారు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నాలో ఆ పేరుతోనే ఒక భాగం ఉంది. ఓరగా వదిలేది పంటలో 60వ వంతుకు తగ్గకూడదని అందులో చెప్పారు. ఒకేచోట 2 వెన్నులు జారితే పేదలవి, 3 జారితే ఆసామివి అన్నారు హిల్లేలు శిష్యులు. కాదు, 3 జారినా పేదలవే అన్నారు షమ్మాయి శిష్యులు. ఒక్క వెన్ను దగ్గర పండితులు ఇంత వాదించుకున్నారంటే, అది దయతో విదిల్చే భిక్ష అయి ఉండదు. పేదవాడి హక్కు కాబట్టే లెక్క తేల్చుకున్నారు.

దీనికి తోడు మరో మాట చెప్పాలి. హీబ్రూలో న్యాయాన్ని 'త్సెదెక్' అంటారు. ఆ ధాతువు నుంచే 'త్సెదాకా' వచ్చింది. బైబిలులో దానికి నీతి అని అర్థం. తర్వాతి కాలపు హీబ్రూలో పేదలకిచ్చే దానికి కూడా అదే పేరు స్థిరపడింది. మన 'దానం' అనే మాట వింటే ఇచ్చిన చెయ్యి గుర్తొస్తుంది. 'త్సెదాకా' అంటే, తీసుకునే మనిషికి న్యాయంగా రావలసింది గుర్తొస్తుంది.

రెండో మాట 'కనాఫ్'. పక్షి రెక్కకూ, కట్టుకున్న బట్ట అంచుకూ హీబ్రూలో ఇదొక్కటే మాట. పొలం యజమాని బోయజు మొదటి రోజున రూతుతో, నువ్వు ఇశ్రాయేలు దేవుని రెక్కల కిందికి వచ్చావు, ఆయన నీకు మేలు చేయాలి అంటాడు. తర్వాత కళ్లంలో రూతు అతన్ని, నీ కొంగు నా మీద కప్పమని అడుగుతుంది. తెలుగులో చదివితే రెక్క వేరు, కొంగు వేరు. హీబ్రూలో రెండుచోట్లా 'కనాఫ్' అనే ఉంది. దేవుని రెక్క నాకు నీడ కావాలన్నావు కదా, ఆ నీడ నువ్వే ఇవ్వు అని ఆమె అతని మాటనే అతనికి అప్పగించింది. కొంగు కప్పడం అక్కడ పెళ్లికి గుర్తు. కొంగుముడి తెలిసిన మనకు దాన్ని వేరే విప్పి చెప్పక్కర్లేదు.

రూతు అలా అడగడానికి ఆధారం 'గోయేల్' అనే మాట. ఈ కథలో దాన్ని సమీప బంధువని అనువదించారు. యోబు గ్రంథంలో, యెషయా గ్రంథంలో దేవుణ్ణి అదే మాటతో పిలిస్తే విమోచకుడని అనువదించారు. ఇంటివాడు అమ్ముకున్న భూమిని, బానిసగా అమ్ముడుపోయిన మనిషిని సొమ్ము కట్టి విడిపించాల్సిన దగ్గరి చుట్టమే గోయేల్. దేవుణ్ణి విమోచకుడన్నప్పుడు ఆ రోజుల్లో విన్నవాళ్లకు కష్టంలో ఆదుకోవలసిన ఇంటి మనిషి గుర్తొచ్చేవాడు.

మూడోది చెప్పు. బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. అతను ఊరి గవినిలో, 10 మంది పెద్దల ఎదుట, నా వల్ల కాదని చెప్పు తీసి ఇచ్చేశాడు. చెప్పు అనగానే మనకు అవమానం తడుతుంది. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో అలాంటి ఆచారం ఉన్నమాట నిజమే. మరిది బాధ్యత తప్పితే వదినే అతని చెప్పు ఊడదీస్తుంది. అక్కడి క్రియ 'హాలత్స్'. రూతు కథలో క్రియ 'షాలఫ్', తీసింది కూడా ఆ మనిషే. ఇది హక్కు వదులుకున్నందుకు గుర్తు, మన రిజిస్ట్రేషను ఆఫీసులో వేలిముద్ర లాంటిది. పూర్వం ఇలా చేసేవారని ఆ గ్రంథమే విప్పి చెబుతుంది. అంటే అది రాసేనాటికే సొంత జనానికి ఆ ఆచారం వివరించాల్సి వచ్చింది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత, ఇంత దూరాన ఉన్న మనం నిఘంటువు తెరవడంలో వింతేముంది?

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. బోయజు పనివాళ్లకు రెండు మాటలు చెప్పాడు. కట్టల్లోంచి కావాలనే కొన్ని వెన్నులు జారవిడవండి, ఆమెను సిగ్గుపరచకండి అని. మన సంఘం ఏటా పేద పిల్లలకు ఫీజులు, పుస్తకాలు ఇస్తోంది. చాలా మంచి పని. కానీ ఆ పిల్లల్ని పేరుపేరునా వేదిక మీదికి పిలిచి, మన పక్కన నిలబెట్టి ఫొటో తీయిస్తున్నాం. వచ్చే ఏటి నుంచి ఆ డబ్బు ప్రధానోపాధ్యాయుల చేతిలో పెడదాం. ఎవరికి అందిందో వారికీ వీరికీ తప్ప మరెవరికీ తెలియనక్కర్లేదు. ఈ బడిలో పండిన పంట మనం కోసుకున్నాం. పొలం ఓరలు ఆ పిల్లలవే.