‘ఆరు లక్షలల్ల మొత్తం చేసిపెడ్త సార్’: పాత ఇల్లు రీమోడలింగ్, కాంట్రాక్టర్‌తో లెక్కలు

ఈ రోజు టాపిక్ పాత ఇంటిని బాగు చేయించుకోవడం. కొత్త ఇల్లు కట్టడం కాదు. అమ్మానాన్నలు ఎప్పుడో 90లలో కట్టుకున్న ఇల్లుంటుంది కదా, బాత్రూమ్ లీకవుతుంది, కిచెన్ గట్టు చిన్నగా ఉంటుంది, వైరింగ్ కాలిపోయేలా ఉంటుంది. జాబ్ వచ్చాక మనం చేయించే మొదటి పెద్ద పని చాలామందికి ఇదే. ఇందులో మా ఇంట్లో నేను చేసిన తప్పులన్నీ చెప్తాను, దాచేదేం లేదు.

మాది హనుమకొండ. నాన్న రిటైర్డ్ టీచర్. మా ఇంటి పనులన్నీ ఇరవై ఏళ్లుగా ఒక్క మేస్త్రే చేశాడు. మెట్లు, కాంపౌండ్ వాల్, పైన ట్యాంక్ దిమ్మె, అన్నీ. ప్రతి దసరాకి జమ్మి ఆకు పట్టుకుని వచ్చి నాన్న చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి వెళ్లేవాడు. అందుకే ఈసారి రెండు బాత్రూములు, కిచెన్, హాల్ ఫ్లోరింగ్, వైరింగ్ కొంత మార్చాలి అనుకున్నప్పుడు వేరే ఎవరినీ అడగలేదు. ఆయన ఇల్లంతా ఓసారి తిరిగి చూసి, "రంది పెట్టుకోకుండ్రి సార్, ఆరు లక్షలల్ల మొత్తం చేసిపెడ్త, మెటీరియల్ తోటి" అన్నాడు. నాన్న సరే అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో రెండున్నర లక్షలు పంపించాను. కాగితం లేదు, లిస్టు లేదు. ఆ "మొత్తం" అనే మాటలో ఏముందో ఎవరం అడగలేదు.

మూడు వారాలకి మొత్తం ఐదు లక్షలు వెళ్లిపోయాయి. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఫోన్ వచ్చేది, కూలీలకి పైసలియ్యాలె అని. కూలీ వాళ్ల డబ్బు ఆపుతామా? పంపించేదాన్ని. పనేమో సగం దగ్గరుంది. తర్వాత నాలుగు రోజులు మనిషి కనపడలేదు. వేరే సైట్‌లో స్లాబ్ వేస్తున్నాడట. వచ్చాక ఇంకో లక్షన్నర ఎక్స్‌ట్రా అన్నాడు. గోడ పగలగొడితే లోపల జీఐ పైపులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, సీపీవీసీకి మార్చినందుకు 48 వేలు. బాత్రూమ్ కింద మట్టి తవ్వి వాటర్ ప్రూఫింగ్ చేసినందుకు 37 వేలు. టైల్స్ తేడా 30 వేలు. వైరింగ్ పాయింట్లు పెరిగాయని 20 వేలు. పగలగొట్టిన మట్టి, పెంకులు ట్రాక్టర్లో తోలించినందుకు 15 వేలు.

నాన్న ఆ రోజు ఆయన్ని "మోసం చేస్తున్నవా" అన్నాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి. ఆయన ఏం మాట్లాడలేదు, తాపీ, మట్టం, పనిముట్లన్నీ గోనె సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో బాత్రూమ్ లేదు. అమ్మ స్నానానికి పక్కింటికి వెళ్లేది, పది రోజులు.

ఇప్పుడు ఆ లెక్క మళ్లీ చూడండి. పైపులు నిజంగానే తుప్పు పట్టాయి, ఫోటోలు ఉన్నాయి. అందులో మోసం లేదు. టైల్స్ సంగతి ఏంటంటే, "మంచి టైల్స్" అనుకున్నాం. ఆయన లెక్కలో మంచి టైల్ అంటే చదరపు అడుగు 45 రూపాయలది. నేను షాపుకి వెళ్లి సెలెక్ట్ చేసింది 80 రూపాయలది. సుమారు 850 చదరపు అడుగులు. 35 రూపాయల తేడా, దాదాపు 30 వేలు. నేను బిల్లు చూడకుండా డిజైన్ చూశాను. మట్టి తోలడం మాత్రం, నా ఉద్దేశంలో, "మొత్తం"లో ఉన్నట్టే. పగలగొట్టినవాడే కదా తీసేయాలి? ఆయన ఉద్దేశం వేరు. చెప్పొచ్చేదేంటంటే, ఆయన ఆరు లక్షలకి ఒక ఇల్లు ఊహించుకున్నాడు, మేం ఇంకో ఇల్లు ఊహించుకున్నాం.

అసలు మన దగ్గర పని మాట్లాడుకునే పద్ధతులు మూడున్నాయి. ఒకటి లేబర్ కాంట్రాక్ట్, సామాను మనం తెచ్చిస్తాం, పని వాళ్లది. రెండోది విత్ మెటీరియల్, అన్నీ వాళ్లవే. మూడోది ఐటమ్ రేటు, అంటే గిలాబాకి చదరపు అడుగుకి ఇంత, టైల్స్‌కి ఇంత, ఎలక్ట్రికల్ పాయింట్‌కి ఇంత అని, చివర్లో కొలిచి లెక్క కట్టడం. కొత్త ఇంటికి ‘విత్ మెటీరియల్’ బాగానే నడుస్తుంది, ఎందుకంటే ప్లాన్ చేతిలో ఉంటుంది. పాత ఇంటికి మొత్తంగా ఒక రేటు మాట్లాడటం మాత్రం నాకు అస్సలు నచ్చదు. గోడ లోపల ఏముందో మేస్త్రికీ తెలీదు. తెలీని దానికి రేటు చెప్పాలంటే రెండే దారులు. భయంతో ఎక్కువ చెప్తాడు, లేదా పని పోతుందేమోనని తక్కువ చెప్పి తర్వాత ఎక్స్‌ట్రా అడుగుతాడు.

అందుకే నేనిప్పుడు ఎవరడిగినా చెప్పేది ఒకటే: ముందు పగలగొట్టడం వరకే మాట్లాడుకోండి. పాత టైల్స్ తీయడం, గోడలో పైపులు బయటపెట్టడం, మట్టి తోలించడం, దానికి వేరే రేటు, వేరే పేమెంట్. రెండు మూడు రోజుల పని. లోపల ఏముందో అందరూ చూశాక మిగతా పనికి ఐటమ్ వారీగా రేటు రాసుకోండి. టైల్స్, ట్యాపులు, వైర్లు, స్విచ్చులు మీరే షాపుకెళ్లి కొనండి. ఇసుక, సిమెంట్ వాళ్లకి వదిలినా పర్లేదు. టైల్స్ కొనేటప్పుడు కోతల్లో పోయేదానికి కొంచెం ఎక్కువ తీసుకోండి. బాక్సుల మీద బ్యాచ్ నంబర్, షేడ్ నంబర్ ఒకటే ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత నాలుగు టైల్స్ తక్కువైతే అదే షేడ్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

ఇంకోటి. ఇంట్లో ఏదైనా గోడ తీసేసి హాల్ పెద్దది చేద్దాం అనుకుంటే, మేస్త్రి మాట మీద తీయకండి. పిల్లర్లు లేకుండా కట్టిన పాత ఇళ్లలో ఆ 9 అంగుళాల గోడలే స్లాబ్‌ని మోస్తుంటాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించాకే.

ఐటమ్ రేటు అన్నాం కదా, అక్కడా గొడవ ఉంది, అది కొలతల గొడవ. గిలాబా కొలిచేటప్పుడు తలుపులు, కిటికీలు ఉన్న జాగా తీసేయాలా, వద్దా? మేస్త్రి "తీయం, అంచులు చేసినం కదా" అంటాడు. మీరు "లేని గోడకి డబ్బులెందుకు" అంటారు. నిజానికి దీనికి ఐఎస్ 1200 అని భారత ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీలకి ఏమీ తీయరు. అంతకంటే పెద్దవై 3 చదరపు మీటర్ల వరకు ఉంటే ఒక వైపు మాత్రమే తీస్తారు, అంచుల పనికి విడిగా ఇవ్వరు. మామూలు తలుపు 3 అడుగులు, 7 అడుగులు, అంటే 21 చదరపు అడుగులు, రెండు చదరపు మీటర్ల లోపే. కాబట్టి ఒక వైపు తీయాలి, ఇంకో వైపు వదిలేయాలి. ఇద్దరూ సగం సగం కరెక్టే అన్నమాట. మీ ఊళ్లో లెక్క వేరేగా ఉండొచ్చు. ఏ లెక్కైనా సరే, పని మొదలుపెట్టే ముందే అనుకోవాలి.

ఇలాంటివే ఇంకొన్ని. గ్రానైట్ గట్టు చదరపు అడుగుల్లో చెప్పి, అంచు పాలిష్ మాత్రం రన్నింగ్ ఫీట్‌లో వేరే వేస్తారు. ఎలక్ట్రికల్‌లో "పాయింట్" అంటే ఏంటి? ఒక బోర్డులో మూడు స్విచ్చులుంటే ఒక పాయింటా, మూడా? మా 20 వేలు వచ్చింది అక్కడే. అడగండి, సిగ్గుపడకండి. "ఇంత చిన్న దానికి అడుగుతున్నారేంటి" అని నవ్వుతారు, నవ్వనివ్వండి.

డబ్బుల దగ్గరికొద్దాం. అడ్వాన్స్ అడగడం తప్పేం కాదు, మేస్త్రి చేతిలో పెట్టుబడి ఉండదు. కానీ మనమిచ్చిన డబ్బు ఎక్కడికెళ్తుందో తెలుసుకోవాలి. చాలామంది మేస్త్రీలకి రెండు మూడు సైట్లు నడుస్తుంటాయి. మీ అడ్వాన్స్‌తో పక్క సైట్ కూలీలకి ఇస్తారు, పక్క సైట్ డబ్బు వచ్చాక మీ పని కదులుతుంది. అదొక రొటేషన్. దాన్ని మనం ఆపలేం, కానీ పని కంటే డబ్బు ముందు పరిగెత్తకుండా చూసుకోవచ్చు. అడ్వాన్స్ మొదటి వారం పనికి సరిపడా ఇస్తే చాలు. ఆ తర్వాత పేమెంట్ తారీకుని బట్టి వద్దు, పనిని బట్టి ఇవ్వండి. బాత్రూమ్‌కైతే పైపులు వేసి ప్రెషర్ పెట్టి చూశాక కొంత. వాటర్ ప్రూఫింగ్ అయ్యాక నాని ట్రాప్ మూసేసి, నీళ్లు నింపి 48 గంటలు వదిలేసి, కింద గదిలో చెమ్మ రాలేదని చూశాక కొంత. టైల్స్ అయ్యాక కొంత. చివరి పది శాతం ఒక నెల ఆపుకోండి. ఆ సంగతి కూడా ముందే చెప్పి ఆపాలి, చివర్లో చెప్తే అది ఎగ్గొట్టడంలా ఉంటుంది.

ఆ నీళ్లు నింపే టెస్ట్ దగ్గర మేస్త్రి తొందరపెడతాడు, "రెండు దినాలు పని ఆగుతది" అని. ఆగనివ్వండి. టైల్స్ వేశాక లీక్ బయటపడితే ఆ టైల్స్ అన్నీ మళ్లీ పగలగొట్టాలి. గిలాబాకి కూడా కనీసం ఏడు రోజులు తడపాలి. ఆ తడిపే పని ఎవరిది, మోటార్ కరెంటు, నీళ్లు ఎవరివి, అదీ రాసుకోండి.

రాసుకోవడం అంటే పెద్ద అగ్రిమెంట్ అక్కర్లేదు. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఏ పని, ఏ రేటు, ఎలా కొలుస్తారు, ఏ బ్రాండ్, ఎప్పటికి అయిపోవాలి, మట్టి ఎవరు తోలాలి. ఎక్స్‌ట్రా పని వస్తే చేసే ముందు రేటు వాట్సాప్‌లో పెట్టాలి, మనం ఓకే అన్నాకే చేయాలి. చాలామంది మేస్త్రీలు టైప్ చేయరు. వాయిస్ మెసేజ్ పెట్టమనండి, మీరు దాన్ని కింద టైప్ చేసి "ఇంతే కదా అన్నా?" అని అడగండి. అవి డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా బ్యాకప్ పెట్టుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో సాక్ష్యంగా చూపించొచ్చు, దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జత చేయాలి. ఇక "లేటైతే రోజుకి 5 వేలు ఫైన్" అని రాసుకుంటారు కొందరు. రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం చేతికి రాదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ రాసిన మొత్తం దాటకుండా, న్యాయంగా ఎంత అనిపిస్తే అంతే ఇప్పిస్తారు.

గొడవ ముదిరిపోతే? చాలామంది రెరాకి వెళ్తాం అంటారు. సొంతింటి రిపేరుకి రెరా వర్తించదు, అమ్మకం, కొత్త కేటాయింపు లేని రినోవేషన్‌ని ఆ చట్టమే మినహాయించింది. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "సివిల్ మ్యాటర్" అని పంపించేస్తారు ఎక్కువసార్లు. మనకి పనికొచ్చేది వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టడం కూడా సేవ కిందికే వస్తుందని 1993లోనే సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2019 చట్టంలోనూ ఆ మాట ఉంది. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ముందు సలహా కావాలంటే 1915కి కాల్ చేయండి. కేసు వేసేముందు ఒక నోటీసు, పని ఎక్కడ ఆగిందో వీడియో, కొలతలతో ఒక ఇంజనీర్ రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. ఆగిపోయిన పనిని కొలతలు తీయకుండా ఇంకో మేస్త్రికి ఇవ్వకండి. ఎవరు ఎంత చేశారో తర్వాత ఎవరూ చెప్పలేరు.

మా విషయంలో అంతవరకు వెళ్లలేదు. మా వీధిలో ఒక రిటైర్డ్ ఇంజనీర్ ఉన్నారు, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టాం. టేపు పట్టుకుని రెండు గంటలు ఇల్లంతా కొలిచారు. పైపులకి 48 వేలు పూర్తిగా ఇవ్వాలన్నారు. వాటర్ ప్రూఫింగ్‌కి 27 వేలు, వైరింగ్‌కి 20 వేలు, టైల్స్ తేడాలో సగం 15 వేలు. మట్టి తోలించినందుకు ఏమీ లేదు. మొత్తం లక్షా పది వేలు. పాత బాకీ లక్షతో కలిపి రెండు లక్షల పది వేలు మూడు విడతల్లో, ప్రతి విడతకీ పని చూశాకే ఇచ్చాం. పని బాగానే చేశాడు, అది ఒప్పుకోవాలి. ఇప్పటివరకు ఒక్క చుక్క లీక్ లేదు. కానీ ఆ దసరాకి జమ్మి ఆకు తీసుకుని రాలేదు. నాన్న సాయంత్రం చీకటి పడేదాకా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎందుకని ఎవరం అడగలేదు.

సరే, లాస్ట్‌గా ఫోన్‌తో చేసే పని ఒకటి చెప్పి ముగిస్తాను. గోడలో పైపులు, వైర్లు వేసి, గిలాబాతో మూసే ముందు రోజు, ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీయండి. నేల నుంచి ఎంత ఎత్తులో పైపు వెళ్తోంది, మూల నుంచి ఎన్ని అంగుళాలు, అన్నీ ఆ ఫోటోలో కనిపించాలి. ఒక ఫోల్డర్ చేసి ఇంట్లో అందరికీ షేర్ చేయండి. మా అమ్మ పోయిన నెల గీజర్ పక్కన అద్దం బిగించాలని డ్రిల్లింగ్ అతన్ని పిలిచింది. నాకు వీడియో కాల్ చేసి, "ఇక్కడ కొట్టొచ్చా?" అని అడిగింది. ఫోటో తీసి చూశాను. సరిగ్గా అక్కడే వేడి నీళ్ల పైపు ఉంది. నాలుగు అంగుళాలు పక్కకి జరిపించాను. ఉంటానండి.