ఒకే జఠరికతో పుట్టిన పసికందులు

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన యువతీయువకులారా, ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీకోసం.

మన ఇళ్ళలో బిడ్డ గుండె లోపంతో పుడితే తొలి ప్రశ్న వైద్యునికి కాక తల్లికే ఎదురవుతుంది. “గ్రహణం నాడు బయటికి వచ్చావా? ఏం తిన్నావు?” పెద్దలు ప్రేమతోనే అడుగుతారు, అది ఆమెను ఎన్నేళ్ళు దహిస్తుందో ఎరుగరు. గర్భం సంగతి అప్పుడప్పుడే తెలుస్తున్న తొలి ఎనిమిది వారాలలోనే శిశువు గుండె రూపు దిద్దుకుంటుంది. చాలా సందర్భాలలో లోపానికి ఫలానా కారణమని వైద్యులు సైతం చూపలేరు. గ్రహణానికి దీనితో ఏ సంబంధమూ లేదు. రేపు మీ ఇంట ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, వినయంగానే అడ్డుపడండి.

గుండెలో కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమ జఠరిక శరీరమంతటికీ పంపుతాయి. కొందరు శిశువులలో ఎడమ జఠరిక ఎదగదు. గర్భస్థ శిశువుకు అవసరమైన ఒక చిన్న నాళం పుట్టిన తరువాత కూడా తెరచి ఉన్నంతవరకు బిడ్డ చక్కగానే కనబడుతుంది. అది మూసుకొనగానే ప్రాణం మీదికి వస్తుంది. అయిదవ నెల స్కానింగులో లోపం ముందే తెలిస్తే, పుట్టిన వెంటనే ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఆ నాళం మూసుకుపోకుండా ఉంచుతారు.

బోస్టన్‌లో నార్వుడ్ అనే శస్త్రవైద్యుడు 1983లో తన విజయాన్ని ప్రకటించేవరకు ఇట్టి శిశువులకు దాదాపు ఆశ లేదు. నేడు మూడు శస్త్రచికిత్సలు చేస్తారు: పుట్టిన కొద్దిరోజులకు ఒకటి, సుమారు ఆరు నెలలలోపు మరొకటి, రెండు నాలుగేళ్ళ మధ్య చివరిది. ఆ చివరిదానికి మూలం ఫ్రాన్సులోని బోర్డోలో ఫోంటాన్ 1968లో చేసిన శస్త్రచికిత్స. లేని జఠరికను ఎవరూ చేసి ఇవ్వలేరు. రక్తానికి దారి మళ్ళిస్తారు. ఉన్న ఒక్క జఠరిక శరీరానికి పనిచేస్తుంది. సిరల రక్తం ఏ పంపూ లేకుండానే ఊపిరితిత్తులకు చేరుతుంది. అందువల్ల కాలేయం మీద భారం పడుతుంది, జీవితాంతం పరీక్షలు తప్పవు. అయినా ఆ పిల్లలు బడికి వెళుతున్నారు, పెద్దవారవుతున్నారు.

కొందరికి ఈ దారీ చాలదు; గుండె మార్పిడే శరణ్యం. ఇక్కడ మన పొరుగు కథ ఒకటి చెప్పాలి. రిచ్‌మండ్ హిల్‌కు దక్షిణాన, టొరంటో యూనివర్సిటీ అవెన్యూలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రిలో, డాక్టర్ లోరీ వెస్ట్ బృందం 1996లో ఒక సాహసం ప్రారంభించింది. రక్తవర్గం కలవని గుండెను శరీరం తిప్పికొడుతుందని అందరూ నమ్మిన కాలమది. కాని పసికందుల రక్తంలో పరాయి వర్గాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు ఇంకా సరిగా తయారై ఉండవు. ఆ ధైర్యంతో పదిమంది శిశువులకు వర్గం కలవని గుండెలను అమర్చారు, ఎనిమిదిమంది బ్రతికారు. 2001లో ఫలితాలు వెలువడిన పిమ్మట లోకమంతటా వైద్యులు ఈ మార్గం పట్టారు. తగిన గుండె కోసం ఎదురుచూస్తూనే కన్నుమూసే శిశువులకు దాతల పరిధి పెరిగింది.

అయితే ఆ గుండె ఎక్కడినుండి వస్తుంది? బిడ్డను పోగొట్టుకున్న మరొక తల్లిదండ్రులు, ఆ ఘడియలోనే, సరే అన్నందువల్ల. శిబి, దధీచి కథలు మనం ఈ మందిరంలో వింటూనే ఉంటాము. అవయవదానం మాట వచ్చేసరికి మాత్రం మన ఇళ్ళలో మౌనం ఆవరిస్తుంది. అశుభమంటారు.

అంటారియోలో 16 ఏళ్ళు నిండినవారెవరైనా అవయవదాతగా నమోదు కావచ్చు. ఆరోగ్య కార్డు చేతనుంటే కొద్ది నిమిషాల పని. చేసినవారు ఆ సంగతి ఈ రాత్రి భోజనాల వేళ అమ్మానాన్నలకు చెప్పండి. ఆసుపత్రిలో వైద్యులు ముందుగా మాట్లాడేది వారితోనే.