సూర్యకాంతి నుండి గూడబాతు వరకు



బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు తెచ్చిన నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు పంపు కొల్లేటి సరస్సును మీలో ఎరుగనివారుండరు. ఆ సరస్సు అంచున ఆటపాకలో గూళ్లు కట్టుకొను గూడబాతు రెక్క విప్పుటకు కావలసిన శక్తి ఎచ్చటిదని అడిగినచో, చేపనుండి వచ్చినదని ఎవరైనను చెప్పుదురు. ఆ చేపకెచ్చటిదని అడుగుచు పోయినచో, మన ప్రశ్న తుదకు సూర్యుని కడకే చేరును.

నీటిలో కంటికానని వృక్షప్లవకములు తమపై పడిన వెలుతురులో నూటికొక పాలో, అంతకు తక్కువో గ్రహించి ఆహారముగ మార్చుచున్నవి. వానిని జంతుప్లవకములును, వానిని చిరుచేపలును, చిరుచేపలను కొర్రమీనును, అందిన కొర్రమీనును గూడబాతును తినుచున్నవి. దీనినే ఆహారశృంఖల యందురు. అయితే ప్రకృతిలో ఈ గొలుసు ఒంటిగా ఉండదు. ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండు నత్తగుల్ల కొంగ, నాచు మేసిన నత్తను పట్టి, గుల్లలోని మాంసమును లాగి తినును. రాలిన ఆకును, చచ్చిన చేపను సూక్ష్మజీవులు కుళ్లబెట్టగా, ఆ మురుగును పురుగులును, పురుగులను మరల చేపలును తినును. ఇట్లు పెనవేసికొనిన గొలుసులే ఆహారజాలము.

అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున సీడార్ బాగ్ అను చిన్న సరస్సును శోధించి, ముప్పదియేండ్లైన నిండకుండ కన్నుమూసిన రేమండ్ లిండెమన్ వ్యాసము 1942లో, ఆయన మరణానంతరము వెలువడినది. జీవుల పరస్పర సంబంధమును శక్తి లెక్కలో మెట్టుమెట్టుగా కొలువవచ్చునని ఆ వ్యాసము నిరూపించినది. ఒక మెట్టునుండి పై మెట్టునకు చేరు శక్తి స్థూలముగా పదింట ఒక వంతు మాత్రమే. తక్కినది ఊపిరికి, కదలికకు వ్యయమై వేడిగ వెడలిపోవును, లేదా తినబడకయో, జీర్ణము కాకయో మిగిలిపోవును. కాలువ మొదట పారిన నీరు శివారు చేలకు చేరునప్పటికి సన్నగిల్లినట్లు, వృక్షప్లవకములు కూర్చిన పదివేల పాళ్లలో జంతుప్లవకములకు వేయి, చిరుచేపలకు నూరు, కొర్రమీనుకు పది, గూడబాతునకు ఒక్కటి దక్కును. కావుననే గొలుసులు నాలుగైదు మెట్లకు మించుట అరుదు. కావుననే చిరుచేపలు లక్షలుగ నున్నచోట గూడబాతులు వేలలోనే యుండును.

భాస్వరము, నత్రజని వంటి పదార్థములు కుళ్లి మరల మట్టికి, నీటికి చేరి తిరిగి ఉపయోగపడును గాని, వేడియై వెడలిన శక్తి మరల ఆ గొలుసులోనికి రాదు. ప్రతిదినము క్రొత్త వెలుతురు పచ్చని జీవులకు సోకవలసినదే. మురుగునీటి ఎరువుతో బలిసిన గుర్రపుడెక్క నీటిపై దట్టముగ పరచుకొనినప్పుడు అడుగున నున్న ప్లవకములకు ఆ వెలుతురు అందదు. మొదటి మెట్టున కలిగిన ఆ లోటు పై మెట్లన్నిటిని తాకును.

కావున, పక్షులను కాపాడదలచిన మనము మన ఊరి మురుగును శుద్ధి చేయక కొల్లేటిలోనికి వదలరాదని పట్టుపట్టవలెను. సరస్సు నీటికి ఎండ సోకనిచ్చుటయే పక్షిరక్షణకు మొదటి పని.