పొగ డీకోడర్‌ది, తప్పు మోటారు దగ్గరిది

వేసవి సెలవులు వచ్చాయంటే అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన చిన్న రైళ్లు భోజనాల బల్ల మీద పరుగు అందుకుంటాయి. వెంటనే మాకు ఉత్తరాలూ మొదలవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ మంది గోడు ఒకటే: ఇంజిన్‌లో డీకోడర్ బిగించారు, కరెంటు ఇవ్వగానే పొగ వచ్చింది, కాబట్టి డీకోడర్ నాసిరకం.

నాసిరకం కాదు. మోటారు ఇంకా పట్టాలనే అంటిపెట్టుకుని ఉంది.

పాత పద్ధతిలో పట్టాల మీది వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ధన ఋణాలు మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు ఉంటే రెండూ కలిసే కదులుతాయి. ఈ చిక్కు విప్పడానికి జర్మనీకి చెందిన బెర్న్డ్ లెంట్స్ సంస్థ 1980లలో డిజిటల్ పద్ధతి తయారుచేసింది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని ఆధారం చేసుకుని 1990లలో ప్రమాణాలు రాసింది. అదే డీసీసీ. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, ఆజ్ఞలూ దాని వెంటే వెళతాయి. డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను పట్టుకుని, మోటారుకు ఎంత కావాలో అంతే అందిస్తుంది.

ఎన్ స్కేలు అనే చిన్న నమూనాల్లో డీకోడర్ బిగించడానికి అసలు కష్టం చోటు. అమెరికా, యూరప్ నమూనాల్లో ఈ స్కేలు 1:160, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. 18 మీటర్ల డీజిల్ ఇంజిన్ ఇందులో సుమారు 11 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అంత చిన్న ఒంట్లో బరువు కోసం లోహపు చట్రం పెడతారు. చాలా ఇంజిన్లలో ఆ చట్రం రెండు ముక్కలు. ఒక ముక్క కుడి పట్టా కరెంటును, రెండోది ఎడమ పట్టా కరెంటును మోస్తాయి. పాత నమూనాల్లో మోటారు బ్రష్‌ల రేకులు నేరుగా వాటికే ఆనుకుని ఉంటాయి. పాత పద్ధతికి అది సరైన అమరికే. డీసీసీలో అదే ప్రాణాంతకం: పట్టాల కరెంటు డీకోడర్ మోటారు వైపు కొనల్లోకి ఎదురు దూరితే డీకోడర్ కాలిపోతుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి బండ్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి ఒక పెద్దమనిషి ఇంజిన్ తీసుకొచ్చాడు. అప్పటికే రెండు డీకోడర్లు కాలాయి. రెండోది మరింత ఖరీదైనది. మొదటిది చవకది కాబట్టే కాలిందని ఆ పెద్దమనిషి నమ్మకం. రేకులు వేరుచేశానని, మల్టీమీటర్‌తో చూశానని గట్టిగా చెప్పాడు. చెప్పింది నిజమే. చట్రం విప్పి బల్ల మీద పరిచినప్పుడు మీటరు మౌనంగానే ఉంది. బాగుచేసే ఆయన వాదించలేదు. రెండు ముక్కలూ కలిపి, మరలు బిగించి, మళ్లీ కొలవమన్నాడు. మీటరు కూసింది! మర బిగిసే కొద్దీ ఒక రేకు ఒంగి చట్రాన్ని తాకుతోంది. లోపలి వైపు కరెంటును ఆపే కాప్టన్ టేపు ముక్క అంటించాక సరిపోయింది. మూడో డీకోడర్ ఈనాటికీ నడుస్తోంది. ముందే బిగించి కొలిచి ఉంటే ఆ రెండూ బతికేవి కదా!

అందుకని కొలత చట్రం బిగించాకే, డీకోడర్ కలపకముందే. కుడి చక్రానికీ మోటారు రెండు కొనలకూ, ఎడమ చక్రానికీ అవే రెండు కొనలకూ, మొత్తం నాలుగు సార్లు మీటరు పెట్టండి. ఒక్కసారి కూసినా పని ఆపండి.

తీగల రంగులకు ప్రమాణం ఉంది. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు. నారింజ, బూడిద రంగులు మోటారుకు; బండి తిరగబడి నడిస్తే ఈ రెండూ మార్చుకుంటే చాలు. తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, నీలం రెండింటికీ ఉమ్మడి ధన తీగ. ఎల్‌ఈడీకి రెసిస్టర్ తప్పనిసరి. ఆరు పిన్నుల సాకెట్ లేదా నెక్స్ట్18 ఉన్న కొత్త ఇంజిన్లకు ఈ టంకం పని ఉండదు. మోటారును తయారీదారులే వేరుచేసి ఇస్తారు.

రేకును వేరుచేయడానికి కాప్టన్‌కు బదులు ఇంట్లోని నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వాడొద్దు. మన ఎండలకు దాని జిగురు కరిగి జారుతుంది, టేపు ఊడి రేకు మళ్లీ చట్రాన్ని తాకుతుంది. చోటు కలిసివస్తుందని డీకోడర్ మీది రక్షణ తొడుగు పీకేసేవారూ ఉన్నారు. అది పోతే విడి భాగాలు లోహానికి ఆనుతాయి, కథ మళ్లీ పొగ దగ్గరికే వస్తుంది.

అన్నీ అయ్యాక కూడా ఇంజిన్‌ను నేరుగా పెద్ద పట్టా మీద పెట్టకండి. ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టండి. అక్కడ కరెంటుకు హద్దు ఉంటుంది కాబట్టి తప్పు దొర్లినా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3. అక్కడ నంబరు సరిగ్గా చదివితే ఇంజిన్ పై తొడుగు పెట్టుకోవచ్చు. చదవకపోతే దుకాణదారుణ్ణి తిట్టేముందు మీటరు తీసి ఆ నాలుగు కొలతలూ మళ్లీ చూడండి.