శాస్త్రముల నడుమ గోడలు

(పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నేడు నేను విన్నవింపబూనినది విశ్వవిద్యాలయములలో నానాటికి విస్తరించుచున్న ఒక శాఖను గూర్చి. ఇంగ్లీషున దానిని ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ అందురు. మనము శాస్త్రసమన్వయ శాఖ యని పిలుచుకొందము. ఒక్క శాస్త్రమునకు లొంగని ప్రశ్నను పలు శాస్త్రములవారు ఒక్కచోట కూడి పరిశీలించుటయే దీని స్వరూపము. ఈ శాఖవలన మన పిల్లలకు ఏయే ద్వారములు తెరువబడినవి, ఏ ద్వారము ఇంకను మూతపడియున్నది, దానిని తెరిపించుటకు మనమేమి చేయవలయును అను మూడు సంగతులు మాత్రమే చెప్పెదను.

ఇట్టి శాఖ యెందులకని అడుగువారికి నల్లగొండ జిల్లాయే సమాధానము చెప్పగలదు. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడు వ్యాధి తెలుగు గడ్డకు క్రొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో దీనిని గూర్చి వైద్యులు 1937 నాటికే వ్రాసియున్నారు. 1973 లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరైడు పీడిత ప్రాంతమున మోకాళ్లు లోపలికి వంగు వికారమును గూర్చి లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. దాని కారణమును వెదకుట వారిని ఆసుపత్రినుండి పొలమునకును, పొలమునుండి జలాశయమునకును నడిపించినది. నాగార్జునసాగరు నిండిన పిమ్మట పరిసరములందు భూగర్భజలము పైకి వచ్చుట, నేల గుణము మారుట, అచ్చట పండిన జొన్నలో మాలిబ్డినమను లోహము హెచ్చుట, దానిచే దేహమునకు రాగి చాలకపోవుట అను వరుసను వారు సూచించిరి. వైద్యుడు మోకాలిని చూచును. ఇంజనీరు ఆనకట్టను చూచును. రైతు జొన్నకంకిని చూచును. మూడింటిని కలిపి చూచినగాని ఆ పిల్లవాని కాలు ఏల వంగినదో తెలియదు. అదే దశాబ్దమున నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి త్రాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించు మార్గమును కనుగొనిరి. అది నేటికిని నల్లగొండ విధానమనియే లోకమున ప్రసిద్ధము.

ఇట్టి ప్రశ్నలు తీరిపోయినవా? శ్రీకాకుళము సీమలోని ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్నియో కుటుంబములను క్రుంగదీసినది. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. నీటిని, నేలను, పురుగుమందులను, ఎండలో చేయు కూలిపనిని, తిండిని, వంశక్రమమును కలిపి పరిశీలింపవలసియున్నది. ఒక్కొక్క శాస్త్రము ఒక్కొక్క గదిలో తలుపు వేసికొని కూర్చున్నంతకాలము రోగి గుమ్మము వెలుపలనే నిలిచియుండును.

ఇది పరదేశములనుండి దిగుమతి యైన వింత యని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. 1910 లో మచిలీపట్టణమున నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాల, పుస్తకవిద్యను చేతిపనులనుండి విడదీయరాదను సంకల్పముతో నడచినది. 1921 లో విశ్వభారతిని స్థాపించిన రవీంద్రులు, మరుసటి యేడే శ్రీనికేతనమున గ్రామపునర్నిర్మాణమును విద్యలో భాగము గావించిరి. విద్య బ్రదుకునుండి వేరుగాదను భావము మన పెద్దలదే. మనము మరచినదానిని ఇపుడు విశ్వవిద్యాలయములు మరల చేపట్టుచున్నవి.

ఇక తెరువబడిన ద్వారములను చూతము. హైదరాబాదు విశ్వవిద్యాలయము మన ఇరురాష్ట్రములవారికిని దగ్గరిది. రాజ్యాంగమునందలి 371-ఇ అధికరణము ననుసరించి పార్లమెంటు చేసిన చట్టముచే 1974 లో అది పుట్టినది. సరోజినీదేవి కుటుంబము నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ భవనమున దాని తొలి తరగతులు జరిగినవి. అచ్చట ఇంటర్మీడియటు ముగించినవారు చేరదగిన అయిదేండ్ల సమగ్ర ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదువులు కలవు. మొదట పలు విషయములను కలిపి చదివి, పిమ్మట ఒకదానియందు నిలద్రొక్కుకొనుట ఆ చదువుల రీతి. మెదడును, మనస్సును, భాషను ఏకముగా పరిశీలించు కేంద్రమొకటియు, భాషాశాస్త్రమును అనువాదముతో జతపరచు కేంద్రమొకటియు అచ్చట పనిచేయుచున్నవి. 2022 నుండి కేంద్ర విశ్వవిద్యాలయములలో పట్టభద్ర తరగతుల ప్రవేశమునకు జరుగుచున్న సీయూఈటీ పరీక్షను 13 భాషలలో వ్రాయవచ్చును. అందు తెలుగు ఒకటి. తెలుగున చదివిన పల్లెటూరి బాలునకు ఇది చిన్న సంగతి కాదు.

రెండవ ద్వారము నిబంధనల వలన తెరచుకొన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల పట్టమును ప్రవేశపెట్టి, నడుమ చదువు ఆపినవానికిని ఆ మేరకు యోగ్యతాపత్రము నిచ్చు పద్ధతిని చెప్పినది. 2021 లో యూజీసీ వారు క్రెడిట్ల బ్యాంకు నిబంధనలు చేసిరి. విద్యార్థి ఒకచోట సంపాదించిన క్రెడిట్లను దానియందు దాచుకొని, ఏడేండ్లలోపున మరియొకచోట వినియోగింపవచ్చును. విశ్వవిద్యాలయము అంగీకరించినచో, ఒక సెమిస్టరులోని పాఠములలో 40 శాతము వరకు స్వయం అను ప్రభుత్వ వేదికనుండి చదువవచ్చును. 2022 ఏప్రిలులో రెండు పట్టములను ఏకకాలమున చదువుటకు అనుమతి లభించినది. అదే యేడు నవంబరున వెలువడిన పీహెచ్.డీ. నిబంధనల ప్రకారము, నాలుగేండ్ల పట్టమున 75 శాతము మార్కులు పొందినవాడు ఎం.ఏ. లేకయే పరిశోధనకు అర్హుడు. వెనుకబడిన వర్గములు మొదలగువారికి ఇందు 5 శాతము సడలింపు కలదు. జాతీయ పరీక్షయందు నెగ్గి జూనియరు ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయల భృతి ఏర్పడినది. పేదయింటి బిడ్డకు ఇది ఊతకర్ర.

ఇచట ఒక ఆక్షేపణ వినబడును. రెండు పడవలపై కాళ్లు మోపినవాడు నీటిపాలగునని పెద్దలందురు. ఈ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. ఒక శాస్త్రమునందైనను వేళ్లు దిగని విద్యార్థికి పది శాస్త్రముల పేర్లు నోటికి వచ్చినంత మాత్రమున ప్రయోజనము లేదు. కావున పిల్లలను ఈ శాఖలకు పంపు తలిదండ్రులు ముందుగా అడుగవలసిన ప్రశ్న యిది: ఈ చదువులో మా బిడ్డకు ఏ విషయము వెన్నెముక? దానికి స్పష్టమైన సమాధానము చెప్పలేని శాఖను నమ్మరాదు. అయినను, అన్నియు తెలిసినవాడును లేడు, ఏమియు తెలియనివాడును లేడు అని సామెత కలదు గదా! తనకు తెలియనిదానిని తెలిసినవానిని చేరి అడుగగలుగుటయే ఈ విద్యకు ఫలము.

ఇపుడు మూతపడిన ద్వారమునకు వత్తును. న్యాయవాదిగా నాకు మిక్కిలి చింత కలిగించునది యిదియే. విశ్వవిద్యాలయము పట్టము నిచ్చును. ఉద్యోగమునకై దరఖాస్తు పెట్టిననాడు, ఆ పట్టము ఏ విషయమునకు చెందినదని ప్రశ్న పుట్టును. కళాశాల అధ్యాపకుల అర్హతలను నిర్ణయించు 2018 నాటి యూజీసీ నిబంధనలు, సంబంధిత విషయమునగాని అనుబంధ విషయమునగాని 55 శాతము మార్కులతో స్నాతకోత్తర పట్టము కావలయునని చెప్పుచున్నవి. ఏది అనుబంధమో ఎవరు చెప్పవలె? నియామక ప్రకటనలో ఆ శాఖ పేరు లేకున్నచో గుమాస్తా దరఖాస్తును ప్రక్కన పెట్టును. విద్యార్థి న్యాయస్థానమునకు పరుగెత్తును. అచ్చటను ఆశ స్వల్పము. అర్హతల తుల్యతను తేల్చుట నియామకాధికారి పనియే గాని న్యాయస్థానముల పని కాదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఒక తీర్పున స్పష్టముగా చెప్పియున్నది. సమన్వయమును బోధించిన ప్రభుత్వమే, ఉద్యోగమిచ్చువేళ పాత గోడను చూపుట న్యాయమా?

దీనికి పరిష్కారము లేకపోలేదు. మా వృత్తియే దృష్టాంతము. బెంగుళూరు జాతీయ న్యాయవిద్యాలయము 1988 లో తొలి విద్యార్థులను చేర్చుకొని, చరిత్రను, ఆర్థికశాస్త్రమును, న్యాయశాస్త్రముతో కలిపి అయిదేండ్లు బోధించినది. 1998 లో హైదరాబాదున నల్సార్ వెలసినది. ఈ మిశ్రవిద్యను చదివినవానిని, నీవు న్యాయవాదివా చరిత్రకారుడవా యని ఏ న్యాయమూర్తియు అడుగడు. ఏలన, బార్ కౌన్సిలు తన నియమములలో ఆ చదువును పేరుపెట్టి గుర్తించినది. నియమమున ఆ గుర్తింపు ఉండుటయే ఆ విద్యార్థులకు రక్షణ. తక్కిన శాస్త్రసమన్వయ శాఖలకును అట్టి రక్షణయే కావలయును.

మన కోర్కెలు మూడు. మొదటిది: ప్రతి విశ్వవిద్యాలయము, తన మిశ్రపట్టము ఏయే విషయములకు తుల్యమో ప్రవేశ ప్రకటననాడే వ్రాతపూర్వకముగా తెలుపవలయును. పట్టము చేతికి వచ్చిన పిదప చెప్పుట మోసముతో సమానము. రెండవది: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషనులు, తక్కిన నియామక సంస్థలు, ప్రకటన వెలువరించుటకు పూర్వమే నిపుణుల సంఘముచే తుల్యతల జాబితాను తయారు చేయించి ప్రచురింపవలయును. మూడవది మనపైనే యున్నది. ప్రవేశ ప్రకటనలు, ఫెలోషిప్పుల గడువులు, స్వయం పాఠముల పట్టిక ప్రతి పఠనమందిరపు గోడపై తెలుగున కనబడవలయును. మన గ్రంథాలయములు ప్రజాచైతన్యమునకు పుట్టినిండ్లని గర్వించుచున్నాము. గడువు ముగిసిన పిదప వార్త చేరు గ్రంథాలయమువలన చైతన్యమేమి కలుగును?

ఈ సభలో తీర్మానము చేసి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. ఈ పఠనమందిరమున నలుగురు స్వచ్ఛందముగా ముందునకు వచ్చినచో, వారమున కొక సాయంకాలము విద్యార్థుల దరఖాస్తులను, యోగ్యతాపత్రములను చూచి సలహా చెప్పుటకు నేను కూర్చుండెదను. తుల్యతను కోరుచు విశ్వవిద్యాలయమునకు వ్రాయవలసిన లేఖను, ఆవశ్యకమైనచో సమాచారహక్కు చట్టము క్రింద వేయవలసిన అర్జీని కలిసి వ్రాయుదము. ఒక్క విద్యార్థికి లభించిన వ్రాతపూర్వకమైన సమాధానము, తరువాత వచ్చు నూరుగురికి ఆధారమగును. వచ్చువారు నేటి సభ ముగిసిన వెంటనే గ్రంథపాలకునికడ తమ పేర్లు వ్రాయించుకొందురని కోరుచు విరమించుచున్నాను.