వచ్చిన సీటుకి కొబ్బరికాయ

(మన గుడి హాలులో పిల్లల పై చదువుల గురించి జరిగిన ఆదివారం సభలో ఒక సభ్య దంపతుల ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మొదట వద్దన్నాం. మేము చదువుల సలహాదారులం కాము, ఒక ఆడపిల్ల తల్లిదండ్రులం, అంతే. కానీ పోయిన ఏడాది మా ఇంట్లో జరిగినది ఇక్కడున్న మరికొన్ని ఇళ్ళలోనూ జరగవచ్చు. అందుకని మేం చేసిన పొరపాట్లతో సహా చెబుదామని వచ్చాం.

మా అమ్మాయి నాలుగేళ్ళు ఉద్యోగం చేసి ఎంబీఏకి అప్లై చేసింది. ఈ దేశంలో పేరున్న బిజినెస్ స్కూళ్ళకి రెండో రౌండు దరఖాస్తులు జనవరిలో వేస్తే, జవాబులు చాలావరకు మార్చి చివర్లో వస్తాయి. ఉగాది పచ్చడి తిన్న వారంలోనే తనకి రెండు జవాబులు వచ్చాయి. ఒక స్కూలు సీటుతో పాటు ట్యూషన్‌లో సగం స్కాలర్‌షిప్ ఇచ్చింది. రెండోది, పేరు చెబితే నలుగురూ తలతిప్పి చూసే స్కూలు, వెయిట్‌లిస్టులో పెట్టింది. మొదటి స్కూలుకి డిపాజిట్ కట్టడానికి నాలుగు వారాలు గడువు.

సీటు వచ్చిందని అమ్మాయి ఫోన్ చేయగానే మేం అడిగిన మొదటి మాట, "మరి రెండోది?"

వెయిటింగ్ లిస్టు అంటే మాకు తెలిసింది గోదావరి ఎక్స్‌ప్రెస్సే. ఇవాళ 12 ఉన్న నంబరు రేపటికి 5 అవుతుంది, చార్టు వేసేసరికి బెర్తు దొరుకుతుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తెలుసు. అక్కడ ర్యాంకు ఉంటుంది, మొదటి విడతలో వచ్చిన సీటు ఉంచుకునే రెండో విడతలో ఇంకా మంచిదానికి ప్రయత్నించవచ్చు. ఇక్కడ చాలా స్కూళ్ళ వెయిట్‌లిస్టులో నంబరే ఉండదు. సీట్లు వచ్చినవాళ్ళలో ఎవరు డిపాజిట్ కట్టారో తేలాక, క్లాసులో ఎలాంటివాళ్ళు తగ్గారో చూసుకుని పిలుస్తారు. మేలో పిలవచ్చు, క్లాసులకు వారం ముందు పిలవచ్చు, అసలు పిలవకపోవచ్చు. కొన్ని స్కూళ్ళు కొత్త విశేషాలుంటే రాయమంటాయి. కొన్ని ఏమీ పంపవద్దంటాయి. వద్దన్నచోట పంపితే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇదంతా అమ్మాయి ఓపికగా చెప్పింది. మేం వినలేదు. గడువు చివరి రోజు దాకా డిపాజిట్ కట్టకుండా ఆగమన్నాం. అప్పటికీ పిలవకపోతే ఈ ఏడు మానేసి మళ్ళీ అప్లై చేయమన్నాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఊళ్ళో చుట్టాలకు కూడా ఆ పెద్ద స్కూలు పేరే చెప్పేశాం. ప్రతి శనివారం ఈ గుడికే వచ్చి, వెయిట్‌లిస్టులోంచి సీటు రావాలని తన పేరున అర్చన చేయించాం.

మూడో శనివారం అమ్మాయి కూడా మాతో వచ్చింది. దర్శనం అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ అడిగింది: "అమ్మా, నాన్నా, రాని సీటుకి మూడు వారాలుగా కొబ్బరికాయలు కొడుతున్నారు. వచ్చిన సీటుకి ఒక్కటైనా కొట్టారా?"

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఇంటికి చేరేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. మధ్యలో అడ్డురాకుండా వింటామని మాట ఇచ్చాం. తను కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుంది.

మొదటిది, వెయిట్‌లిస్టు అనేదే లేకపోతే వచ్చిన స్కూలుకి సంతోషంగా వెళ్తానా? వెళ్తానంది. తనకి ఆసుపత్రుల నిర్వహణలో పని చేయాలని ఉంది. ఆ స్కూల్లో చదివి అటు వెళ్ళిన నలుగురితో అప్పటికే మాట్లాడింది. ఈ ప్రశ్నకి జవాబు "వెళ్ళను" అయితే, ఏడాది ఆగి మళ్ళీ అప్లై చేయడం గురించి ఆలోచించవచ్చు.

రెండోది డబ్బు. వెయిట్‌లిస్టు నుంచి ఆలస్యంగా పిలిచేసరికి స్కాలర్‌షిప్ మిగిలి ఉంటుందని నమ్ముకోలేం. ఇప్పుడు అప్లై చేసేవాళ్ళకి ఇంకో సంగతి ఉంది. ఖర్చు మొత్తానికీ దొరికే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ అప్పు 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకి లేదు. ఎంబీఏ లాంటి కోర్సులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద 1,00,000 డాలర్లే ఫెడరల్ అప్పు. మిగతాది ప్రైవేటు అప్పో, మన సొమ్మో. సగం ట్యూషన్ అంటే ఎంతో కాగితం మీద వేసి చూసుకోండి.

మూడోది, జూలైలో స్కాలర్‌షిప్ లేకుండా పిలిచి, నాలుగు రోజుల్లో చెప్పమంటే ఏం చేస్తాను? తను చాలాసేపు ఆలోచించి "వెళ్ళను" అంది.

సోమవారం డిపాజిట్ కట్టింది. అదే వారం రెండో స్కూలుకి, తన పేరు లిస్టులోంచి తీసేయమని రాసింది. ఉంచితే పోయేదేముందని మాలో ఒకరం గట్టిగానే అరిచాం. "వెళ్ళనని తెలిసీ లైన్లో నిలబడితే వెనకవాళ్ళకి అడ్డమే కదా" అంది.

పిలిస్తే వెళ్తామనుకునేవాళ్ళు పేరు ఉంచుకోవాల్సిందే. ఒకచోట డిపాజిట్ కట్టి ఇంకోచోట వెయిట్‌లిస్టులో ఉండటం మామూలే. వెళ్ళిపోతే ఆ డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు, అది ముందే లెక్కలో వేసుకోండి. రెండుచోట్లా డిపాజిట్ కట్టి రెండు సీట్లు పట్టుకోవడం మాత్రం వద్దు. ఎప్పటిదాకా చూస్తారో ఒక తేదీ అనుకోండి, అపార్ట్‌మెంట్ లీజు సంతకం చేసే రోజైనా సరే. హైదరాబాద్ నుంచి వచ్చే మీ మేనల్లుళ్ళకి, మేనకోడళ్ళకి ఆ తేదీ ఇంకా ముందే ఉండాలి. కొత్త స్కూలు ఐ-20 రావాలి, వీసా అపాయింట్‌మెంట్ దొరకాలి.

ఆ స్కూలు పిలిచేదేమో అన్న మాట మా ఇద్దరిలో ఒకరికి ఇప్పటికీ అప్పుడప్పుడు గుచ్చుకుంటుంది. ఎవరికో చెప్పం. అమ్మాయికి మాత్రం ఆ ధ్యాసే లేదు.

క్లాసులు మొదలయ్యే ముందు శనివారం ముగ్గురం ఇక్కడికి వచ్చాం. "ఆ సీటు సంగతి ఏమైందమ్మా?" అని పూజారి గారు అడిగారు. "సీటు మార్చిలోనే వచ్చిందండీ, మేమే ఆలస్యంగా వచ్చాం" అని చెప్పి కొబ్బరికాయ చేతికిచ్చాం.

మీ ఇంట్లో ఇలాంటి ఉత్తరం వస్తే, ప్రసాదం దగ్గర మమ్మల్ని పలకరించండి. మా అమ్మాయి రాసుకున్న ఆ కాగితం ఇంకా మా దగ్గరే ఉంది, చూపిస్తాం.